మూడూ నాలుగూ కలిస్తే ఏడు కాదు, అయిదు: .22 రైఫిల్ గురి లెక్క

పోయిన నెల చిత్తూరు నుంచి ఒక పిల్లోడు ఫోన్ చేసినాడు. కాలేజీలో ఎన్‌సీసీ చేసేటప్పుడు .22 రైఫిల్ (అంగుళంలో వందకి 22 వంతుల మందం తూటా కొట్టేది) పట్టుకొని ఆ రుచి మరిగినోడు, ఇప్పుడు 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకొని కొట్టేది) గట్టిగా ప్రాక్టీస్ చేస్తా ఉండాడు. "అన్నా, పది రౌండ్లకి నా గ్రూపు 30 మిల్లీమీటర్ల కన్నా కిందికి దిగనే దిగడం లేదు, బ్యారెల్ మార్పించేదా, ట్రిగ్గర్ మార్పించేదా, ఒకాయనైతే బ్యారెల్ కొనకి ట్యూనర్ వేయించు అంటా ఉండాడు, అది వేయించేదా" అని ఒకే గుక్కలో అడిగేసినాడు. (రౌండు అంటే ఒక తూటా, గ్రూపు అంటే కాగితం మీద అన్నిటికన్నా దూరంగా పడిన రెండు చిల్లుల మధ్య కొలత.) నేను ఒకటే అడిగినా. "నువ్వు పక్కకి జరిగితే ఆ రైఫిల్ ఒక్కటే ఎంత కొడతాది?" అట్లా ఎప్పుడూ చూడలేదన్నా, అన్నాడు.

చిక్కంతా ఈడనే ఉండాది. కాగితం మీద పడిన చిల్లులు చూస్తే అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. ఈ చిల్లు తూటా వల్ల పక్కకి పోయింది, ఈ చిల్లు నా వేలు వల్ల పోయింది అని దాని మీద రాసి ఉండదు కదా. అందుకని ఎవరికి ఏది అనుమానంగా ఉంటే దాని మీద డబ్బులు పెడతారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకొని, నిలబడి కొట్టే పోటీ) కంచు పతకం తెచ్చినాక నాకు ఇట్లాంటి ఫోన్లు జాస్తి అయినాయి. అంతకుముందు షూటింగ్ అంటే మనోళ్ళకి అభినవ్ బింద్రా, గగన్ నారంగ్, అంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. హాల్లో నిలబడి కొట్టే ఎయిర్ రైఫిల్‌కీ, ఆరుబయట గాలికీ ఎండకీ ఎదురుగా 50 మీటర్లు పంపించే .22 కీ చాలా తేడా ఉండాది, అందుకే ఈ లెక్క ఒకసారి విడదీసి చెప్దామని కూర్చున్నా.

ముందు కొలతలు. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు (పది మార్కులిచ్చే నడిమి సున్నా) అడ్డకొలత 10.4 మి.మీ., మన చొక్కా గుండీ అంత. తూటా మందమే 5.6 మి.మీ. ఉంటాది, దాని అంచు గీతని తాకినా పదే ఇస్తారు కాబట్టి, తూటా నడిమి భాగం సెంటర్ నుంచి 8 మి.మీ. లోపల పడితే చాలు. అంటే మీ చిల్లుల మధ్యలు అన్నీ 16 మి.మీ. అడ్డకొలత ఉన్న సున్నాలో ఇమిడి, ఆ సున్నా కూడా టార్గెట్ నట్టనడుమ కూర్చుంటే అన్నీ పదులే. మా పిల్లోడి 30 అయితే తొమ్మిదులూ పదులూ కలిసి వస్తాయి. ఫైనల్స్‌లో దశాంశాల స్కోరు కాబట్టి ఆడ 16 కూడా పెద్దదే.

ఇప్పుడు అసలు లెక్క. గ్రూపు ఎంత విప్పారతాది అనేది నాలుగు చోట్ల నుంచి వస్తాది: రైఫిల్, తూటా, మనిషి, బయటి గాలీ వెలుతురూ. చాలామంది ఇవి మామూలుగా కూడుకుంటాయి అనుకుంటారు, రైఫిల్‌ది మూడు, మనిషిది నాలుగు, మొత్తం ఏడు అని. అట్లా కూడుకోవు. ఒక దానికీ ఇంకో దానికీ సంబంధం లేని తప్పులు ఒకసారి ఒకే పక్కకి లాగుతాయి, ఇంకోసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకని వాటి వర్గాలు కూడుకుంటాయి. ఎనిమిదో తరగతిలో చదివిన పైథాగరస్ లెక్కే ఇది, మూడూ నాలుగూ కలిస్తే అయిదు.

దీంట్లో ఏముందిలే అనిపిస్తాది గానీ డబ్బులు యాడ పెట్టాలో చెప్పేది ఈ లెక్కే. ఒక మనిషి తప్పు 24 మి.మీ., రైఫిల్ తూటా రెండూ కలిపి 18 మి.మీ. అనుకోండి. మొత్తం 30. ఇప్పుడు ఆయన రెండింతల రేటు పెట్టి మేలైన తూటాలు కొని ఆ 18ని 12కి దించినాడు, అంటే మూడో వంతు తగ్గించినాడు. మొత్తం ఎంతకి దిగింది? 27కి. అంత ఖర్చుకి మూడు మిల్లీమీటర్లు. అదే మనిషి తన 24ని 16కి దించుకుంటే, అదీ మూడో వంతే, మొత్తం 24కి దిగతాది, అంటే ఆరు మిల్లీమీటర్లు. ఇంకో పక్క చూడండి, అదే మనిషి చౌక తూటాలు వాడి రైఫిల్ తూటా కలిపి 40 కొడతా ఉంటే మొత్తం 47 వస్తాది, అప్పుడు ఆయన ఎంత ప్రాక్టీస్ చేసినా 40 కన్నా కిందికి రానే రాడు, ఆయనకి తూటా మార్చడమే మందు. పెద్దది ఏదో తెలుసుకొని దాన్ని కొట్టాల, చిన్నదాన్ని పూర్తిగా లేకుండా చేసినా పెద్దగా ఒరిగేది ఉండదు.

మరి ఎవరి వాటా ఎంతో తెలిసేదెట్లా? మనిషిని తీసేసి చూడాల. లైసెన్స్ ఉన్న రైఫిల్‌తో, అనుమతి ఉన్న రేంజ్‌లోనే (ఇది 1959 ఆయుధాల చట్టం కిందికి వచ్చే వస్తువు, మామిడి తోపులో చూద్దాం అనే మాటే లేదు), బల్ల మీద ముందర రెస్టు, వెనక ఇసుక సంచి పెట్టి, గాలి లేని పొద్దున పూట కొట్టాల. ఎన్ని? ఈడ చాలామంది మోసపోతారు. అయిదు రౌండ్లు కొట్టి 12 మి.మీ. వచ్చింది అని ఫొటో పెట్టి సంబరపడతారు. అయిదు రౌండ్ల గ్రూపు సగటు 20 ఉండే రైఫిల్ ఏ మార్పూ లేకుండా ఒకసారి 13 ఇస్తాది, ఇంకోసారి 28 ఇస్తాది, అది మామూలే. మధ్యలో మీరు స్క్రూ తిప్పి ఉంటే ఆ ఘనత స్క్రూకి పోతాది. ఇంకో సంగతి, రౌండ్లు పెరిగేకొద్దీ గ్రూపు కూడా పెద్దదే అవుతాది, పది రౌండ్ల గ్రూపు అయిదు రౌండ్ల గ్రూపు కన్నా సగటున నాలుగో వంతు పెద్దగా ఉంటాది, కాబట్టి ఒకరి అయిదుని ఇంకొకరి పదితో పోల్చొద్దు. నేను చెప్పేది పది రౌండ్ల గ్రూపులు అయిదు కొట్టి సగటు తీయమని. తర్వాత అదే తూటాలతో, అదే పొద్దున, స్లింగ్ (రైఫిల్‌ని చేతికి పట్టి ఉంచే పట్టీ) వేసుకొని పడుకొని ఇంకో అయిదు గ్రూపులు. రెండో సగటు వర్గంలో మొదటి సగటు వర్గం తీసేసి వర్గమూలం కడితే అది మీ వాటా. రెండు పెట్టెల తూటాలు ఖర్చు అవుతాయి, అవునప్పా, బ్యారెల్ మార్పించే దాంట్లో అదెంత.

బల్ల మీద వచ్చే సంఖ్యలో ఎక్కువ భాగం తూటాదే. నాకు ఇందులో అనుమానం లేదు. ఎందుకో అర్థం కావాలంటే రిమ్‌ఫైర్ తూటా (అడుగు అంచుని కొడితే పేలేది, .22 ఈ రకమే) ఎట్లా తయారవుతాదో చూడాల. సెంటర్‌ఫైర్ తూటాకి అడుగున మధ్యలో ప్రైమర్ (దెబ్బకి నిప్పు పుట్టించే మందు) విడిగా ఉంటాది, పెద్ద రైఫిళ్ళ వాళ్ళు మందు తూకం వేసి తామే నింపుకుంటారు, ఒక్కో గింజ సరిచూసుకుంటారు. .22 కి ఆ దారి లేదు. ఇత్తడి కేసు అడుగున అంచు చుట్టూ ఒక సన్నటి బోలు మడత ఉంటాది, తడి ముద్దలాంటి ప్రైమింగ్ మందుని కేసులో వేసి గిర్రున తిప్పితే అది ఆ మడతలోకి పాకి చుట్టూ పరుచుకుంటాది. దోసెలు పోసేవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు, పిండి ఒకటే, గరిటె ఒకటే, చెయ్యి ఒకటే, అయినా ఒక దోసె అంచు పల్చన, ఇంకో దోసె అంచు మందం. ఫైరింగ్ పిన్ ఆ అంచుని ఒక్క చోటే నలగ్గొడతాది, ఆ చోట మందు ఎంత ఉందో దాన్ని బట్టి నిప్పు రాజుకుంటాది. లోపల గన్‌పౌడర్ చూస్తే గ్రాములో పదో వంతు దరిదాపు, అంతే. అంత తక్కువ మందులో రవ్వంత తేడా వచ్చినా తూటా వేగం మారిపోతాది.

వేగం మారితే ఏమవుతాది? 40 గ్రెయిన్ల తూటా, అంటే 2.6 గ్రాములు, స్టాండర్డ్ వెలాసిటీ రకం అయితే సెకనుకి సుమారు 320 మీటర్లతో బయటికి వస్తాది. 50 మీటర్లు దాటడానికి సెకనులో ఆరో వంతు పడతాది, ఆ లోపల భూమి దాన్ని 12 సెంటీమీటర్లకి పైన కిందికి లాగేస్తాది. సైట్లు (గురి చూసే ముందు, వెనక రింగులు) ఆ లాగుడికి సరిపోయేటట్టు సెట్ చేసుకొని ఉంటాం కాబట్టి మనకి కనపడదు. ఇప్పుడు ఒక తూటా 315తో, ఇంకోటి 325తో వచ్చినాయి అనుకోండి, రెండింటి మధ్య ఎత్తులో తేడా ఏడెనిమిది మిల్లీమీటర్లు వస్తాది. మీరు రాయి మాదిరి కదలకుండా పట్టుకున్నా సరే. మ్యాచ్ తూటాలకి అంత రేటు పెట్టేది తూటా ఆకారం కోసమే కాదు, ఈ పది మీటర్ల తేడాని తక్కువకి దించడం కోసం. టార్గెట్ మీద చిల్లులు నిలువుగా, పైనుంచి కిందికి గొలుసు మాదిరి పడతా ఉంటే నా మొదటి అనుమానం తూటా మీదే.

ఎలీ టెనెక్స్, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50, ఈ మ్యాచ్ తూటాల పేర్లు అందరికీ తెలుసు. కానీ పేరు కన్నా ముఖ్యమైనది పెట్టె మీద ఉండే లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రేటు, లాట్ మారితే మీ రైఫిల్‌లో గ్రూపు మారిపోతాది. పక్కోడి రైఫిల్‌లో అద్భుతంగా కొట్టిన లాట్ మీ దాంట్లో కొట్టాలని రూలేమీ లేదు, ఎందుకంటే ప్రతి చాంబరూ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ప్రతి బ్యారెలూ లోపల రోంత వేరు. అందుకే పెద్ద పెద్ద షూటర్లు జర్మనీలోని షోనెబెక్‌లో ఉండే లాపువా టెస్ట్ సెంటర్‌కో, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లోని ఎలీ దగ్గరికో తమ బ్యారెల్ తీసుకొని పోయి, దాన్ని యంత్రానికి బిగించి, లాట్ తర్వాత లాట్ కొట్టి చూసి, కుదిరిన లాట్‌నే సీజన్‌కి సరిపడా కొనేస్తారు. మంచి మ్యాచ్ రైఫిల్‌కి కుదిరిన లాట్ దొరికితే పది రౌండ్లు 50 మీటర్లలో 12, 15 మి.మీ. లో సర్దుకుంటాయి.

మన దగ్గర ఇరవై లాట్లు తెప్పించి చూసుకోవడం అందరికీ అయ్యే పని కాదు, తూటాలు లైసెన్స్ మీద రాసిన లెక్క ప్రకారమే వస్తాయి, దొరికేవి కూడా దొరికినప్పుడే. కాబట్టి మన స్థాయికి తగ్గట్టు చెయ్యాల. దొరికిన మూడు నాలుగు లాట్లలో ఒక్కో పెట్టె తీసుకొని, ఒక్కోదానికి మూడు నాలుగు గ్రూపులు కొట్టి, నిలువు గొలుసు తక్కువగా ఉన్న లాట్ ఏదో చూసుకొని, లైసెన్స్ ఒప్పుకున్నంత వరకూ ఆ లాట్ ఒక్కసారే కొని పెట్టుకోండి. మ్యాచ్‌కి ఒక లాట్, ప్రాక్టీస్‌కి ఒక లాట్ అయినా ఫరవాలేదు గానీ, తూటా రకం మార్చిన ప్రతిసారీ మొదటి ఇరవై రౌండ్ల దాకా గ్రూపుని నమ్మొద్దు. .22 సీసపు తూటా మీద మైనమో గ్రీజో పూత ఉంటాది, అది బ్యారెల్ లోపల పలచగా పరుచుకున్నాకే తూటాలన్నీ ఒకే దారిన పోతాయి. కొత్త రకం వేసిన వెంటనే కొట్టి "ఇది పనికిరాదు" అని తీర్పు చెప్పేవాళ్ళని చాలామందిని చూసినా, వాళ్ళు పరీక్షించింది రెండు మైనాల మిశ్రమాన్ని.

"హై వెలాసిటీ తూటా వేస్తే గాలికి తక్కువ కొట్టుకుపోతాది కదా" అని కూడా అడుగుతారు. .22 లో అది తిరగబడతాది. గాలి తూటాని పక్కకి నెట్టేది అది గాల్లో ఎంతసేపు ఉందో దాన్ని బట్టి కాదు, గాలి రాపిడికి ఎంత ఆలస్యం అయ్యిందో దాన్ని బట్టి. ధ్వని వేగం దగ్గర్లో రాపిడి ఒక్కసారిగా పెరుగుతాది కాబట్టి, ధ్వని కన్నా ఎక్కువ వేగంతో బయలుదేరే తూటా జాస్తి వెనకబడతాది, జాస్తి కొట్టుకుపోతాది. పైగా ధ్వని వేగాన్ని దాటి కిందికి దిగేటప్పుడు తూటా కుదుపుకి లోనవుతాది. అందుకే టార్గెట్ తూటాలన్నీ ధ్వని కన్నా రోంత తక్కువ వేగంతోనే చేస్తారు. మనకి ఇందులో ఒక వెసులుబాటు ఉండాది. 20 డిగ్రీల్లో ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు, మన మే నెల 40 డిగ్రీల్లో 355 దాకా పోతాది, అంటే ఆ గీతకి ఇంకా దూరంగా ఉంటాం. అట్లని తూటాల పెట్టెని ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మాత్రం కాదు. మైనం మెత్తబడతాది, వేడెక్కిన మందు వేగంగా మండి తూటాలు పైకి పోతాయి, నీడలో ఉన్న పెట్టె తూటాలు ఇంకో చోట పడతాయి. అంచు మందం కొలిచి, ఒక్కోటి తూకం వేసి తూటాలు వేరు చేసేవాళ్ళూ ఉన్నారు. మంచి లాట్‌కి అది అక్కర్లేదు, చెడ్డ లాట్‌ని అది మంచిగా చెయ్యలేదు, ఆ గంట స్లింగ్ వేసుకొని పడుకుంటే మేలు అని నా అభిప్రాయం.

రైఫిల్ సంగతికి వస్తే, ముందు చూడాల్సింది ఖర్చు లేనివి. యాక్షన్‌ని (తూటాని పేల్చే ఇనుప భాగం) స్టాక్‌కి (భుజానికి ఆనించే చెక్క లేదా అల్యూమినియం భాగం) పట్టి ఉంచే స్క్రూలు రెండూ కంపెనీ చెప్పిన బిగువులో ఉన్నాయా అని టార్క్ రెంచ్‌తో చూడాల, చేత్తో "గట్టిగానే ఉందిలే" అనేది కొలత కాదు. ఒకటి వదులైతే యాక్షన్ ప్రతి దెబ్బకీ రవ్వంత వేరే చోట కూర్చుంటాది, గ్రూపు రెండు గుంపులుగా చీలతాది. ఆ రెండు గుంపులు కనపడితే స్క్రూలు, లేదంటే స్టాక్ లోపల యాక్షన్ కూర్చునే చోటు.

నా సంగతి చెప్తా. 2021 నవంబర్‌లో తిరుపతిలో పడిన వానలు ఈడ ఉన్నోళ్ళెవరూ మర్చిపోరు, వీధుల్లో నీళ్ళు ఏరులై పారినాయి, ఇంట్లో గోడలు తడిసి నెల రోజులు ఆరలేదు. నా రైఫిల్ భద్రంగా పైన బీరువాలో ఉండింది, నీళ్ళు తాకలేదు, అయినా డిసెంబర్‌లో రేంజ్‌కి పోతే చిల్లులు పైకీ కుడికీ జరిగినాయి, అది కూడా కొట్టే కొద్దీ జరగతా పోయినాయి. తూటాలు చెడిపోయినాయి అనుకున్నా. వేరే లాట్ కొన్నా. సైట్ విప్పి మళ్ళా బిగించినా. రెండు నెలలు పోయినాక ఒక పెద్దాయన నా రైఫిల్ తీసుకొని జేబులో నుంచి పది రూపాయల నోటు తీసి బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చినాడు. కుడి పక్క జారిపోయింది, ఎడమ పక్క అడుగు దూరంలోనే ఆగిపోయింది. పాత చెక్క స్టాక్, ఆ తేమకి ఉబ్బి ఎడమ పక్క బ్యారెల్‌ని ఆనుకొని నెడతా ఉండింది, బ్యారెల్ వేడెక్కే కొద్దీ ఆ నెట్టుడు మారతా ఉండింది. చెక్కని రోంత గీకించి, తేమ తాగకుండా లోపల పూత వేయించినాక సరిపోయింది. ఇప్పటికీ ప్రతి కార్తీకం దాటినాక ఆ నోటు దూర్చి చూస్తా. అల్యూమినియం స్టాక్ ఉన్నోళ్ళకి ఈ బాధ లేదు.

తర్వాత నోటి అంచు, అంటే తూటా బ్యారెల్‌ని వదిలే ఆఖరి అంచు. తూటా వెనక వచ్చే గ్యాస్ ఆ అంచు చుట్టూ ఒకేసారి సమానంగా బయటపడాల, ఒక పక్క చిన్న గాటు ఉన్నా అటు నుంచి ముందుగా తన్నుకొచ్చి తూటా మడమని పక్కకి తోస్తాది. దీన్ని ఎక్కువగా పాడుచేసేది తూటాలు కాదు, క్లీనింగ్ రాడ్డు. ముందర నుంచి రాడ్డు దూర్చి రుద్దితే అది అంచుని అరగదీస్తాది. బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) తీసేసి, వెనక నుంచి, బోర్ గైడ్ (రాడ్డు పక్కకి రాసుకోకుండా పట్టే గొట్టం) పెట్టి శుభ్రం చెయ్యాల. ఎన్నాళ్ళకి ఒకసారి అనే దాని మీద రేంజ్‌లో కొట్లాటలే అవుతాయి. నేను ప్రతి సెషన్ తర్వాత రెండు ఫెల్ట్ ముక్కలు తోసి, చాంబర్ ముందు మసి గట్టిపడి ఉంగరం మాదిరి పేరుకోకుండా చూసుకుంటా, అంతకు మించి రుద్దను. బ్యారెల్ అద్దం మాదిరి మెరిసే దాకా రుద్దేవాళ్ళు మళ్ళా ఇరవై రౌండ్లు కొట్టి మైనం పట్టించాల్సిందే.

బోల్ట్ లోపల చిక్కటి గ్రీజు వేయొద్దు, దుమ్ముతో కలిసి ఫైరింగ్ పిన్‌ని మందగించేటట్టు చేస్తాది, పిన్ దెబ్బ బలం మారితే నిప్పు రాజుకునేదీ మారతాది, మళ్ళా వేగం, మళ్ళా నిలువు గొలుసు. చాంబర్ ఖాళీగా పెట్టి ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీస్ చేసేవాళ్ళు ముందు కంపెనీ దానికి ఒప్పుకుంటాదో లేదో చూసుకోండి, రిమ్‌ఫైర్‌లో పిన్ నేరుగా చాంబర్ అంచుని కొట్టి గాటు పెట్టే ప్రమాదం ఉండాది, డమ్మీ రౌండ్ వేసుకుంటే మంచిది.

ట్రిగ్గర్ గురించి ఒక్క మాట. తేలికైన ట్రిగ్గర్ రైఫిల్ గురిని పెంచదు, మీ వేలు చేసే తప్పుని తగ్గిస్తాది. బల్ల మీద సంఖ్యలో దాని పాత్ర చాలా తక్కువ. దాన్ని ఇంట్లో కూర్చొని గీకే పని మాత్రం వద్దే వద్దు, సేఫ్టీ పట్టు పోతే రేంజ్‌లో ఉన్న అందరికీ ముప్పు. ట్యూనర్ అనేది బ్యారెల్ కొనకి తగిలించే చిన్న బరువు, దాన్ని అటూ ఇటూ తిప్పి, నెమ్మది తూటా బయటపడే సమయానికి బ్యారెల్ కొన రవ్వంత పైకి లేచి ఉండేటట్టు చూసి ఎత్తు తేడాని సరిదిద్దాలని దాని ఆలోచన. ఆలోచన బాగుంది, పనిచేసిన రైఫిళ్ళూ ఉన్నాయి. కానీ దాన్ని సరిగ్గా సెట్ చెయ్యాలంటే వందల రౌండ్లు కావాల, ఆ వందల రౌండ్లు ఉన్నోడు ముందు మంచి లాట్ వెతుక్కుంటే ఆ ట్యూనర్‌తో సరిచేయాల్సిన తేడానే తగ్గిపోతాది.

ఇంక మనిషి. ఈడ చెప్పేది శానా ఉండాది గానీ, లెక్కలో దొరికే మూడు చెప్తా. ఒకటి సైట్. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య 80 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైట్ రింగు పదో వంతు మిల్లీమీటర్ పక్కకి కనపడితే 50 మీటర్ల దగ్గర అది ఆరు మిల్లీమీటర్లు అవుతాది. పదో వంతు మిల్లీమీటర్ అంటే తల వెంట్రుక కన్నా రోంత మందం. అందుకే రింగు చిన్నదైతే గురి బాగుంటాదని నల్ల బుల్‌ని (టార్గెట్ నడుమ నల్ల గుండ్రం) బిగించి పట్టేసే రింగు పెట్టుకోవడం తప్పు, చుట్టూ తెల్ల వలయం స్పష్టంగా కనిపించేంత పెద్దది ఉండాల, కంటికి సన్నటి గీత కన్నా సమానమైన వలయం గుర్తుపట్టడం సులువు.

రెండోది రైఫిల్ ఒరగడం. ఇది ఎవరూ పట్టించుకోరు. సైట్లు ఆ 12 సెంటీమీటర్ల లాగుడికి సెట్ అయి ఉన్నాయి అన్నా కదా, అంటే బ్యారెల్ నిజానికి సెంటర్ కన్నా పైకి చూస్తా ఉంటాది. రైఫిల్‌ని కుడికి ఒరిగిస్తే ఆ పైచూపులో కొంత భాగం కుడిచూపు అవుతాది. ఒక డిగ్రీకి రెండు మిల్లీమీటర్లు, అయిదు డిగ్రీలకి 11. అయిదు డిగ్రీలు ఒరిగితే కంటికి తెలియదు, చెంప స్టాక్ మీద ఆనించుకున్న తీరు మారినా చాలు.

మూడోది, శరీరం దానంతట అది యాడ చూస్తా ఉందో. పడుకొని గురి పెట్టి, కళ్ళు మూసుకొని రెండు సార్లు శ్వాస తీసి వదిలి కళ్ళు తెరవండి. రింగు బుల్ మీదే ఉంటే సరే, పక్కకి పోయి ఉంటే చేత్తో లాక్కురావద్దు, ఎడమ మోచేయిని కదలనీకుండా నడుముని జరుపుకోండి. చేత్తో లాగి పట్టుకున్న రైఫిల్ ట్రిగ్గర్ పడిన క్షణంలో తన చోటికి తాను పోతాది, తూటా బ్యారెల్‌లోనే రెండు మూడు మిల్లీసెకన్లు ఉంటాది, ఆ లోపల జరిగే కదలికంతా టార్గెట్ మీద పడతాది. ఎన్‌సీసీలో మా ఉస్తాదు 'ఫాలో త్రూ' (పేలినాక కూడా కదలకుండా అట్లే ఉండు) అని అరిచేది దీనికే, అప్పట్లో ఎందుకో చెప్పలేదు.

బయటి గాలి: పక్క నుంచి సెకనుకి ఒక మీటర్ వేగంతో గాలి వీస్తే, అంటే ముఖానికి తగిలీ తగలనట్టు, తూటా 50 మీటర్లలో సుమారు 6 మి.మీ. పక్కకి పోతాది. తూటా కుడివైపు తిరగతా పోతాది కాబట్టి కుడి నుంచి వచ్చే గాలి దాన్ని ఎడమకీ రవ్వంత పైకీ, ఎడమ గాలి కుడికీ రవ్వంత కిందికీ తోస్తాది. అందుకని చిల్లులు గడియారంలో పది అంకె నుంచి నాలుగు అంకె వైపు వాలుగా పడి ఉంటే అది గాలి సంతకం, రైఫిల్‌ని తిట్టొద్దు. మన వైపు ఎండాకాలం ఇంకో తంటా, పొద్దెక్కితే నేల మీద వేడి లేచి బుల్ నీళ్ళల్లో బొమ్మ మాదిరి ఊగతాది, మీరు గురి పెట్టేది బుల్‌కి కాదు, గాలి జరిపిన దాని బొమ్మకి. మేఘం తొలగి ఒక్కసారిగా వెలుతురు పెరిగినా కొట్టే చోటు జరగతాది. అందుకే పరీక్షలన్నీ తెల్లారేటప్పుడే పెట్టుకోమంటా.

చిత్తూరు పిల్లోడు నేను చెప్పినట్టే చేసినాడు, దానికి రెండు వారాలు పట్టింది. బల్ల మీద సగటు 18. స్లింగ్‌తో 30. నేను పైన వేసిన లెక్క వానిదే, వాని వాటా 24. టార్గెట్ల ఫొటోలు పంపిస్తే చూసినా, నిలువు గొలుసు లేదు, రెండు గుంపులు లేవు, గాలి వాలు లేదు. ప్రతి గ్రూపులో మొదటి నాలుగైదు చిల్లులు నడుమన, తర్వాతవి కొట్టేకొద్దీ కుడికి. ముందు సైట్ దగ్గర మేస్త్రీల రసమట్టం లాంటి చిన్న బుడగ ఒకటి పెట్టి ప్రాక్టీస్ చెయ్యమన్నా, అది పెద్ద ఖర్చు కాదు. మొన్న ఆదివారం రేంజ్ నుంచే ఫోన్ చేసినాడు. "అన్నా, ఆరో రౌండుకే బుడగ ఎడమకి పోతా ఉండాది, స్లింగ్ చేతి మీద జారి రైఫిల్ కుడికి ఒరగతా ఉండాది, నాకు తెలియనే లేదు." స్లింగ్ ఒక రంధ్రం పైకి బిగించి, జాకెట్ మీద జారకుండా ఉండే చోట కట్టి, స్క్రూలు ముట్టుకోకుండా, అదే లాట్‌తో నలభై రౌండ్లు కొట్టి ఫొటోలు పంపమని చెప్పినా. ట్యూనర్ సంగతి వాడు మళ్ళా అడగలేదు.